ఆన్‌లైన్ టీమ్ ప్రాజెక్టు: కంగారు తగ్గాలి, పని రావాలి

ల్యాబ్‌లో పక్కపక్కన కూర్చుంటే ఎవరి పని ఎక్కడ ఆగిందో మొహం చూస్తే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో మెసేజ్ చూసినట్టు కనిపిస్తుంది, జవాబు రాదు. కోపమా, బద్ధకమా, కరెంటు పోయిందా? విద్యార్థుల కంగారులో పెద్ద పాలు ఈ మౌనానిదే. అందుకే ఊహించుకోవాల్సిన అవసరం రాకుండా అన్నీ రాసి పెట్టుకోవాలి.

తొలి మీటింగ్‌లోనే ఒక పేజీ ఒప్పందం రాయండి. ఏ పని ఎవరిది, ఏ రోజుకి, ఎక్కడ మాట్లాడుకోవాలి, ఎన్ని గంటల్లో జవాబివ్వాలి (24 పెట్టుకోండి), రాత్రి ఎన్నింటి తర్వాత మెసేజ్‌లు వద్దు. "రిపోర్టు: రవళి" అని వదిలేయకండి. "రెండో చాప్టర్, 4 పేజీలు, శుక్రవారం సాయంత్రం 6 గంటలకి" అంటేనే లెక్క.

మీటింగ్ 30 నిమిషాలు దాటనివ్వకండి. ఉచిత జూమ్ ఎలాగూ 40 నిమిషాలకు ఆగిపోతుంది. మొదటి 3 నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, అందరూ ఒకే గూగుల్ డాక్‌లో తమ మాట రాయాలి. తర్వాత వరసగా ఒక్కొక్కరూ చదవాలి. ఇంగ్లిష్‌లో తడబడతామని నోరు విప్పనివాళ్లకు ఇది చాలా ధైర్యమిస్తుంది. చర్చ తెలుగులో, రిపోర్టు ఇంగ్లిష్‌లో ఉంటే తప్పేమీ లేదు. కెమెరా మాత్రం తప్పనిసరి చేయకండి. హాస్టల్ గది, డేటా ప్యాక్ అందరికీ ఒకేలా ఉండవు.

మీటింగ్ నడిపే బాధ్యత వారానికొకరికి మార్చండి. బాగా మాట్లాడేవాళ్లకే ప్రతిసారీ అప్పగిస్తే నేర్చుకునేదీ వాళ్లే, మిగతావాళ్ల భయం అలాగే ఉండిపోతుంది.

అమెరికా విద్యార్థులతో కలిసి చేస్తుంటే మార్చి, నవంబర్‌లలో జాగ్రత్త. హైదరాబాద్‌లో రాత్రి 8 అంటే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 10:30, చలికాలంలో 9:30. ఆ నెలల్లో అక్కడ గడియారాలను ఒక గంట మారుస్తారు. అలా మారిన వారం సగం టీమ్ మీటింగ్‌కి రాకుండా పోతుంది.

అన్ని భాగాలనూ గడువుకు 3 రోజుల ముందే కలిపేయండి. ఆఖరి రాత్రి కలిపితే ఫాంట్లు, బొమ్మల నంబర్లు, కోడ్ వెర్షన్లు ఒకదానికొకటి పొసగవు. అసలు గొడవలు మొదలయ్యేది అప్పుడే.

ఎవరైనా రెండుసార్లు గడువు తప్పితే గ్రూపులో నిలదీయకండి. ఫోన్ చేసి అడగండి, పనిని చిన్న ముక్క చేసి ఇవ్వండి. అయినా కదలకపోతే, ఎవరు ఎప్పుడు ఏం రాశారో చూపించే డాక్ వెర్షన్ హిస్టరీతో గైడ్‌ దగ్గరికి వెళ్లండి.

నిద్ర పట్టకపోవడం, మీటింగ్ అనగానే గుండె దడ వారాల తరబడి ఉంటే అది ప్రాజెక్టు సమస్య కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.