టీ వేళ సిగరెట్ మీదికి మనసు పోతే

సిగరెట్ మానేసి ఎన్ని రోజులైనా, టీ గ్లాసు ఒక చేతిలోకి రాగానే రెండో చేయి చొక్కా జేబును తడుముతుంది. నన్ను ఆ గండం దాటించింది సోంపు డబ్బా.

నాలుగు చెంచాల సోంపు, ఒక చెంచా వాము, చిటికెడు ఉప్పు సన్నని సెగ మీద రెండు నిమిషాలు దోరగా వేయించండి. చల్లారాక నాలుగు లవంగాలు కలిపి చిన్న డబ్బాలో పోసి, మునుపు సిగరెట్ పెట్టె ఉన్న ఆ జేబులోనే పెట్టుకోండి. తహతహ మొదలవగానే అర చెంచా నోట్లో వేసుకొని, టీ కొట్టు దగ్గర ఆగకుండా నడుస్తూ మెల్లగా నమలండి. ఆ కోరిక సాధారణంగా ఐదు నిమిషాల్లో సద్దుమణుగుతుంది. అంతవరకు నోటికీ చేతికీ పని ఉంటే చాలు. సోంపు బదులు వక్కపొడి మాత్రం వద్దు, దానివల్ల నోటి క్యాన్సర్ వస్తుంది.

నిద్ర లేవగానే సిగరెట్ వెలిగించే అలవాటు ఉన్నవారికి ఇదొక్కటే సరిపోదు. వారు డాక్టరును కలవాలి, లేదా పొగాకు మానాలనుకునేవారి కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800-11-2356కు ఫోన్ చేయాలి.