కృష్ణలో తేలే ప్లాస్టిక్‌ని ఉపగ్రహంతో పట్టుకోవాలంటే

మొదటిసారి మ్యాపు వేసినప్పుడు ప్రకాశం బ్యారేజీ ఎగువన, భవానీ ద్వీపం పక్కన పొడుగ్గా ఒక ఎర్రచార వచ్చింది. ప్లాస్టిక్ దొరికేసిందని సంబరపడి పున్నమి ఘాట్‌కి పరిగెత్తాను. పడవతను గెడతో ఒక కుచ్చు పైకెత్తి, "గుర్రపు డెక్కండీ మాస్టారూ" అన్నాడు. దాని వేళ్లలో మాత్రం రెండు వాటర్ ప్యాకెట్లు, ఓ థర్మాకోల్ ముక్క ఇరుక్కుని ఉన్నాయి. ఈ పనిలో తిప్పలన్నీ ఆ కుచ్చులోనే ఉన్నాయి.

ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితం, ఐదు రోజులకోసారి వస్తాయి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో (ఉపగ్రహ చిత్రాలతో బ్రౌజర్‌లోనే పనిచేసే చోటు) తెరిస్తే డౌన్‌లోడ్ గొడవ కూడా లేదు. చలికాలం చిత్రాలతో మొదలుపెట్టండి. వానాకాలమంతా మబ్బులే (చెత్త కొట్టుకొచ్చేదీ అప్పుడే, ఏం చేస్తాం!). పిక్సెల్, అంటే చిత్రంలో ఒక్క గడి, నేల మీద పది మీటర్లు కాబట్టి సీసాలు కనపడవు, తెట్టులా పేరుకున్న చెత్తే కనపడుతుంది. బందరు కాలువ జోలికి మాత్రం పోకండి, గట్టు మీది చెట్లు నీళ్లతో కలిసిపోతాయి.

కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుగును నీళ్లు మింగేస్తాయి, పైన తేలేది తిప్పికొడుతుంది. దీనికి 2020లో వచ్చిన సూచిక ఎఫ్‌డీఐ, అంటే తేలే చెత్త సూచిక. ఉపగ్రహం ఒక్కో రకం వెలుగును విడిగా కొలుస్తుంది, అదే బ్యాండు. ఆరో బ్యాండు నుంచి పదకొండో బ్యాండుకు గీత గీస్తే, ఎనిమిదో బ్యాండు ఆ గీత కన్నా ఎంత పైన ఉందో అదే చెబుతుంది. ఆరు, పదకొండు బ్యాండ్లవి 20 మీటర్ల పిక్సెళ్లు, ముందే పదికి మార్చుకోండి. డెక్కకీ ఎఫ్‌డీఐ పెరుగుతుంది, అందుకే పక్కన ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) కూడా పెట్టాలి. పచ్చటి ఆకుకి అది బాగా ఎక్కువ, ప్లాస్టిక్‌కి తక్కువ. రెండూ కలిసి ఉన్న పిక్సెల్ మధ్యలో ఊగుతుంది. దాన్ని నేను "మిశ్రమం" అని వేరే తరగతిలో వేస్తాను.

నీళ్లు, డెక్క, మిశ్రమం, చెత్త, పడవలు, ఇసుక: ఏ పిక్సెల్ ఏదో ఈ ఆరింటికీ గుర్తులు పెట్టి ర్యాండమ్ ఫారెస్ట్‌కి (ఉదాహరణలు చూసి తరగతులు నేర్చుకునే ప్రోగ్రాము) ఇవ్వండి. పరీక్షకు వేరే తేదీ చిత్రం ఉంచుకోండి. ఒకే చిత్రంలోని పక్కపక్క పిక్సెళ్లతో నేర్పి, వాటితోనే పరీక్షిస్తే మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి, కానీ అది కాపీ కొట్టిన పిల్లాడి మార్కుల్లాంటిదే.

గుర్తులు ఇంట్లో కూర్చుని పెట్టలేం. ఉపగ్రహం వచ్చే రోజు పొద్దున పదిన్నరకల్లా ఘాట్‌లో ఉండి, లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీయండి. మధ్యాహ్నానికి గాలి మళ్లితే ఆ తెట్టు అవతలి ఒడ్డున ఉంటుంది.