ఆగి ఉన్న కారుకు తగిలిస్తే: మేం ఏం చేశామంటే

హనుమకొండలో వేయిస్తంభాల గుడి దగ్గరి సందులో మా తమ్ముడు రివర్స్ తీస్తుంటే, వెనక ఆగి ఉన్న కారుకు తగిలింది. దాని టెయిల్ లైట్ పగిలింది, బంపర్ గీసుకుపోయింది. లోపల ఎవరూ లేరు.

వాడికి టెన్షన్, "పోదాం అక్కా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు కార్ల నంబర్లు, దెబ్బ కనిపించేలా ఫోటోలు తీశాను. పక్కనున్న చాయ్ దుకాణంలో అడిగితే బండి ఎవరిదో తెలియదన్నారు. పేరు, ఫోన్, మా బండి నంబర్ కాగితం మీద రాసి వైపర్ కింద పెట్టాను. ఆ కాగితాన్నీ ఫోటో తీశాను, గాలికి ఎగిరిపోతే సాక్ష్యం ఉండాలి కదా.

సాయంత్రం ఓనర్ ఫోన్ చేశారు, పెద్దాయన. మొదటి మాటే "ఎవరికీ దెబ్బలు తాకలే కదా బిడ్డా?" అని. ఆ మాటతో నా భయం సగం పోయింది.

ఇన్సూరెన్సా, చేతి డబ్బులా అన్నదే అసలు ప్రశ్న. ఆయన తన పాలసీలో క్లెయిమ్ పెడితే 20 నుంచి 50 శాతం దాకా ఉండే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. జీరో డిప్రిసియేషన్ (భాగాలు పాతబడ్డాయని డబ్బు కోయకుండా ఉండే అదనపు కవర్) లేకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే వస్తుంది. తప్పు మావాడిది, నష్టం ఆయనకెందుకు? చిన్న దెబ్బకు చేతి డబ్బులే న్యాయమని నా అభిప్రాయం. ఎవరికైనా గాయమైతే మాత్రం పోలీసులకు, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాల్సిందే.

ఆయనకు తెలిసిన మెకానిక్ దగ్గరే ఎస్టిమేట్ వేయించి, డబ్బులు నేరుగా మెకానిక్‌కే ఇచ్చాం. బిల్లు కాపీ మీద "నష్టం పూర్తిగా తీరింది" అని తేదీతో ఆయన సంతకం తీసుకున్నాం.