తొడకు పట్టీ కట్టుకుని నడక: బరువులు ఎత్తలేని వాళ్లు కండ పెంచుకునే పద్ధతి

మోకాలి ఆపరేషన్ అయిన నాలుగు నెలలకు నా కుడి తొడ ఎడమ దానికంటే బాగా చిక్కిపోయింది, ప్యాంటు ఒక కాలికి వదులు, ఇంకో కాలికి సరి. బరువులు ఎత్తొద్దన్నారు, ఎత్తకపోతే కండ రాదు. అప్పుడు మా ఫిజియో నేర్పించిందే ఇది. తొడ పైభాగాన, గజ్జ కిందుగా పట్టీ బిగించుకుని నిదానంగా నడవడం. జిమ్ముల్లో దీన్ని బీఎఫ్ఆర్ (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, అంటే రక్త ప్రవాహాన్ని తగ్గించడం) అంటారు.

పట్టీ బిగిస్తే కాలికి దిగే రక్తం కొంత తగ్గుతుంది, పైకెళ్లాల్సిన రక్తం చాలావరకు కాల్లోనే ఆగుతుంది. కండకు ఆక్సిజన్ చాలదు, అందుకే చిన్న నడకకే ఎక్కువగా అలిసిపోతుంది, ఆ అలుపే కండ పెరగడానికి దారి. దీనికి మూలం జపాన్. యోషియాకి సాటో అనే ఆయన 1966లో ఒక బౌద్ధ కర్మ జరిగేచోట చాలాసేపు మోకాళ్లు మడిచి కూర్చుంటే పిక్కలు పట్టేశాయట, వ్యాయామం చేసినప్పుడు వచ్చే బిగువు కూడా ఇట్లాగే ఉంటుంది కదా అని ఆయనకు తట్టింది. ఆ పద్ధతికే తర్వాత కాట్సు అని పేరొచ్చింది.

అక్కడే 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో నిమిషానికి 50 మీటర్ల వేగంతో రెండేసి నిమిషాలు ఐదుసార్లు, మధ్యలో ఒక్కో నిమిషం ఆగుతూ నడిపించారు. రోజుకు రెండు పూటలు, వారానికి ఆరు రోజులు, మూడు వారాలు. తొడ కండ 4 నుంచి 7 శాతం, బలం 8 నుంచి 10 శాతం పెరిగింది. పట్టీ లేకుండా అంతే నడిచినవాళ్లలో మార్పు లేదు. బరువులు ఎత్తగలిగితే మాత్రం బరువులే ఎత్తండి, వాటితో వచ్చే బలం దీంతో రాదు.

అసలు జాగ్రత్తంతా బిగింపులోనే ఉంది. మొదటిసారి ఫిజియో దగ్గరే చేయించుకోండి. నాకు తొడకు గాలిపట్టీ వేసి, చీలమండ దగ్గర డాప్లర్ (రక్తం పారే శబ్దం వినిపించే పరికరం) పెట్టి గాలి కొట్టారు, టుస్ టుస్ మని వినిపించే నాడి బీపీ కొలిచే లెక్కలో 180 దగ్గర ఆగిపోయింది. అందులో సగం, అంటే 90, నా కొలత. మామూలుగా 40 నుంచి 80 శాతం మధ్య పెడతారు, తక్కువతో మొదలుపెట్టడమే మంచిది. సన్న తాడు, రబ్బరు ట్యూబు జోలికి అస్సలు పోవద్దు, వెడల్పు పట్టీయే కావాలి. బిగించాక కాలి బొటనవేలి గోరు నొక్కి వదలండి, తెల్లబడిన గోరు రెండు మూడు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి, లేదంటే వదులు చేయండి. మంట, బరువు ఉంటాయి, అవి మామూలే. తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, పాదం చల్లబడటం, కళ్లు తిరగడం, వీటిలో ఏదొచ్చినా అప్పటికప్పుడే విప్పేయండి.

నేను పొద్దున్నే యూనివర్సిటీ స్టేడియంలో నడుస్తాను. రెండు నిమిషాలకు వంద మీటర్లంటే చాలా నిదానం, అందరూ దాటుకుని పోతుంటారు, పోనీండి, వేగం పెంచొద్దు. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి పట్టీ మొత్తం ఇరవై నిమిషాలు దాటకుండా చూసుకుంటే చాలు. ఇంట్లో సైకిల్ మిషన్ ఉంటే దాని మీద తేలిగ్గా తొక్కినా సరిపోతుంది. అలిపిరి 3,550 మెట్లకు మాత్రం పట్టీతో పోవద్దు, శ్రీవారి మెట్టుకూ అంతే, అలిసిన కాలు దిగేటప్పుడు మడతపడితే పట్టుకునేవాళ్లుండరు.

మా నాయన నన్ను చూసి నాకూ కట్టురా అన్నాడు. పంచె పైకి లాగితే పిక్కల మీద నీలంగా, మెలికలు తిరిగి ఉబ్బిన నరాలు, పైగా బీపీ మాత్రలు. కట్టలేదు, ఎంత అడిగినా కట్టను. కాల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె జబ్బు లేదా సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్నవాళ్లు, షుగరుతో కాళ్లకు రక్తం సరిగా అందనివాళ్లు, గర్భిణులు డాక్టరు సరే అంటే తప్ప దీని జోలికి రావద్దు.

పెరుగుతోందో లేదో చూడాలంటే మోకాలి చిప్పకు ఒక జానెడు పైన పెన్నుతో గుర్తు పెట్టి, రెండు వారాలకోసారి దర్జీ టేపుతో కొలవండి. పొద్దున నడకకు ముందే కొలవాలి, పట్టీ విప్పిన వెంటనే అయితే కాలు ఉబ్బి ఉంటుంది, కొలత తప్పు చూపిస్తుంది.