లాక్ వేసిన ఫోనులోనూ ఇంటివారి నంబరు పరాయివారికి కనబడాలంటే ఏం చేయాలి?

మా బాబాయి గారు దక్షిణ ఒడిశాలోని గుణుపురం సంతలో కళ్ళు తిరిగి పడిపోయిన రోజున ఆయన జేబులో ఫోను ఉంది, ఫోనులో ఛార్జింగ్ ఉంది, లాక్ కూడా లేదు. అయినా ఇంటికి కబురు చేరడానికి గంటకు పైగా పట్టింది. ఆయనను నీడకు చేర్చి కూర్చోబెట్టిన ఒడియా కుర్రవాడు ఫోను తెరిచి చూస్తే పేర్లన్నీ తెలుగు లిపిలో ఉన్నాయి. ఆ అబ్బాయికి తెలుగు మాట అర్థమవుతుంది గాని అక్షరం రాదు. చివరిసారి మాట్లాడిన నంబరుకు చేస్తే అది ఎరువుల కొట్టు. దాని కింది నంబరుకు చేస్తే ఆరేళ్ళ మనవరాలు ఎత్తి, "తాతయ్య సంతకు వెళ్ళారు" అని చెప్పి పెట్టేసింది. ఇంటి ఫోను నంబరును బాబాయి గారు ఆ పిల్ల ముద్దుపేరుతో, "అమ్మలు" అని దాచుకున్నారు మరి.

ఆపద వేళ మన ఫోను మన చేతిలో ఉండదు. దానిని చూసేది 108 వాహనంలో వచ్చిన సిబ్బందో, కానిస్టేబులో, ఆటో డ్రైవరో అయి ఉంటారు. రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లోనైతే వారిలో చాలామంది ఒడియా చదివేవారు. అందువల్ల ఈ వివరాలను మనకు తెలిసేటట్టు కాక, వారికి తెలిసేటట్టు రాయాలి. కింద చెప్పే పనులన్నింటికీ కలిపి అరగంట చాలు.

మొదట చేయవలసినది మనుషులను ఎంచుకోవడం. ఇద్దరు తప్పనిసరి, ముగ్గురుంటే మేలు. మొదటివారు అదే ఊళ్ళో ఉండి, కొత్త నంబరు నుంచి వచ్చినా ఫోను ఎత్తే అలవాటు ఉన్నవారై ఉండాలి. ఎంత దగ్గరివారైనా, తెలియని నంబరు చూస్తే పక్కన పడేసేవారిని ఈ జాబితాలో పెట్టడం వృథా. రెండవవారు ఊరి బయట ఉండేవారైతే మంచిది, ఎందుకంటే భార్యాభర్తలు ఒకే బండి మీద వెళ్ళేటప్పుడు ఒకరికి మరొకరి నంబరు మాత్రమే ఉంటే ప్రమాదంలో ఆ రెండు ఫోన్లూ ఒకే చోట పడి ఉంటాయి. మన వైపు నుంచి పెద్ద జబ్బులకు విశాఖపట్నమో బరంపురమో తీసుకువెళ్ళడం మామూలే కాబట్టి, ఆ ఊళ్ళలో బంధువు ఉంటే ఆ నంబరు మూడవదిగా పనికొస్తుంది. వీరిలో కనీసం ఒకరికి ఒడియా ధారాళంగా వచ్చి ఉండాలి. కొండ ఊళ్ళలో ఉండి సిగ్నల్ కోసం చెరువు గట్టు ఎక్కవలసిన వారిని మాత్రం, ఎంత ఆత్మీయులైనా, మొదటి స్థానంలో పెట్టకూడదు. ఎంచుకున్న వారికి ఆ సంగతి ముందే చెప్పి, మన మందుల వివరాలు కూడా తెలియజేయాలి.

తరువాత పేరు రాసే తీరు. తెలుగు లిపిలో ఉన్న పేరును మార్చనక్కరలేదు. అదే నంబరును ఇంగ్లీషు అక్షరాలతో మరొకసారి విడిగా దాచుకుంటే సరిపోతుంది. అందులో అసలు పేరు, చుట్టరికం, ఊరు ఈ వరుసలో ఉండాలి. చుట్టరికానికి వైఫ్, సన్, ఫాదర్, బ్రదర్ వంటి ఇంగ్లీషు మాటలు వాడడమే క్షేమం. తెలుగు వరుసలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే తికమక తప్పదు. "మామ" అని రాశారనుకోండి: మనకు అది మేనమామ కావచ్చు, పిల్లనిచ్చిన మామగారు కావచ్చు, కానీ ఒడియా మనిషి దానిని తమ "మామూ"గా, అంటే తల్లి సోదరుడిగానే చదువుకుంటాడు. "బావ", "వదిన", "మరదలు" సంగతి ఇక చెప్పనక్కరలేదు. నంబరు ముందు ప్లస్ 91 చేర్చి పది అంకెలూ సరిచూసుకోవాలి.

పేరుకు ముందు ఐ, సి, ఇ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు చేర్చే పద్ధతి ఒకటుంది. అత్యవసర వేళ పిలవవలసినవారు అని దానికి అర్థం. 2005లో బాబ్ బ్రాచీ అనే బ్రిటిష్ ఆంబులెన్స్ ఉద్యోగి దీనిని ప్రచారంలోకి తెచ్చారు. అప్పటి బటన్ల ఫోన్లకు లాక్ దాదాపు ఉండేది కాదు గనుక ఎవరైనా పేర్ల జాబితా తెరిచి ఆ మూడు అక్షరాలూ వెతికి పట్టుకోగలిగేవారు. నేటికీ బటన్ల ఫోను వాడే పెద్దవారికి ఇది చక్కగా సరిపోతుంది. స్మార్ట్‌ఫోనుకు వేలిముద్రో ప్యాటర్నో పెట్టుకున్నాక మాత్రం జాబితాలో ఎన్ని అక్షరాలు చేర్చినా బయటివారికి అది కనబడదు. వివరాలు లాక్ తెర మీదికి రావలసిందే.

ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్ తెరిచి "సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ" అనే విభాగానికి వెళ్ళాలి. కంపెనీని బట్టి ఈ పేరు, దాని చోటు కొంత మారుతాయి. కనబడకపోతే సెట్టింగ్స్ పైభాగంలోని వెతికే గడిలో ఎమర్జెన్సీ అని కొడితే దారి దొరుకుతుంది. అక్కడ "ఎమర్జెన్సీ కాంటాక్ట్స్" నొక్కి, ఇందాక ఇంగ్లీషులో దాచిన పేర్లను ఒక్కొక్కటిగా చేర్చాలి. పక్కనే "మెడికల్ ఇన్ఫర్మేషన్" ఉంటుంది. దాని సంగతి తరువాత చెబుతాను. లాక్ ఉన్నప్పుడు కూడా ఈ సమాచారం చూపించమని ఒక మీట ఉంటే దానిని ఆన్ చేయడం మరువకూడదు, ఎందుకంటే అది ఆఫ్‌లో ఉంటే ఇంతవరకు పడ్డ శ్రమ మన కంటికి తప్ప ఎవరికీ ఆనదు. ఇకపై ఎవరైనా లాక్ తెర మీద "ఎమర్జెన్సీ కాల్" నొక్కి, ఎమర్జెన్సీ సమాచారం అనే చోట తాకితే, మన పాస్‌వర్డ్ తెలియకుండానే ఆ పేర్లు చూసి ఫోను చేయగలుగుతారు.

ఐఫోనులో హెల్త్ యాప్ తెరిచి, పైన కుడివైపున్న మన బొమ్మ నొక్కి, "మెడికల్ ఐడి"లో "ఎడిట్" ఎంచుకోవాలి. నంబర్లు చేర్చి, "షో వెన్ లాక్డ్" ఆన్ చేసి, "డన్" నొక్కితే పని పూర్తయినట్టే. ఆ నంబర్లు ముందుగా కాంటాక్ట్స్‌లో ఉండాలి. ఐఫోను నుంచి ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ద్వారా కాల్ చేస్తే, కాల్ ముగిశాక వీరికి మనమున్న చోటు సందేశంగా వెళ్తుంది.

మెడికల్ వివరాలలో రక్తం గ్రూపును జ్ఞాపకం మీద ఆధారపడి రాయకూడదు. ల్యాబు కాగితం చూసి మాత్రమే రాయాలి, లేదా ఖాళీగా వదిలేయాలి. ఆస్పత్రివారు ఎలాగూ పరీక్షించుకునే రక్తం ఎక్కిస్తారు. అంతకంటె ముఖ్యమైనవి వేరే ఉన్నాయి: పెన్సిలిన్ వంటి పడని మందులు, షుగరు, మూర్ఛ, రక్తం పలచబడడానికి వాడే మాత్రలు. దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న కుటుంబాలు తక్కువేమీ కావు గనుక, ఉంటే అది కూడా తప్పక రాయాలి. ఇక ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు, పిన్ వంటివి ఈ తెర మీద ఎంతమాత్రం ఉండకూడదు, ఎందుకంటే దీనిని ఫోను దొరికిన ప్రతివారూ చూడగలుగుతారు.

సరిహద్దులో ఉన్నవారు మరొక విషయం గమనించాలి. పర్లాకిమిడి గజపతి జిల్లాలోను, పాతపట్నం శ్రీకాకుళం జిల్లాలోను ఉన్నా రెండూ ఒకదానికొకటి ఆనుకున్నంత దగ్గర. ఇలాంటి చోట ఫోను ఏ రాష్ట్రపు టవరును పట్టుకుంటుందో మనకు తెలియదు; అన్ని అత్యవసర సేవలకూ ఉమ్మడి నంబరైన 112కు, 108కి చేసిన కాల్ అవతలి రాష్ట్రపు కేంద్రానికి పోయే అవకాశం ఉంది. 108 సేవ ఆంధ్రలో 2005లో, ఒడిశాలో 2013లో మొదలైంది. నంబరు ఒకటే అయినా కాల్ అందుకునే కేంద్రాలు వేరు. కాబట్టి "ప్రమాదం జరిగింది, త్వరగా రండి" అని మొదలుపెట్టకుండా, ముందు రాష్ట్రం, జిల్లా, ఆ తరువాత బ్లాకు, ఊరు చెప్పాలి. ఒడిశాలో మండలం అనరు, బ్లాకు అంటారు. ఈ నాలుగు మాటలనూ ఫోనులో ఇంటి చిరునామా గడిలో ఒకే వరుసలో రాసి ఉంచితే, కంగారులో ఉన్నవారు చూసి చదవగలుగుతారు. 112ను లాక్ తీయకుండానే కొట్టవచ్చు. మన దేశంలో 2017 జనవరి 1 నుంచి అమ్మే ఫోన్లకు ఆపద బటన్ ఉండాలని నిబంధన వచ్చింది. బటన్ల ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకోవడం ఆ పద్ధతి.

అంతా అయ్యాక పరీక్ష చేయాలి. ఫోనుకు లాక్ వేసి, తెలుగు చదవడం రాని పొరుగువారి చేతికిచ్చి, "మా ఇంటికి ఫోను చేయండి" అని మాత్రమే చెప్పి ఊరుకోవాలి. వారు ఎక్కడ ఆగిపోయారో చూస్తే, ఏది సరిదిద్దాలో తెలిసిపోతుంది. మా వీధిలో ఇలా చేసినప్పుడు మొదటిసారి ఆ పని చేయగలిగినవారు ఒక్కరూ లేరు. అందరూ తెరను పైకి జరిపి ప్యాటర్ను దగ్గరే నిలిచిపోయారు. అందుకని లాక్ తెర మీద రాతను చూపించే వీలు సెట్టింగ్స్‌లో ఉంటే, అక్కడే ఒక నంబరును నేరుగా రాసిపెట్టడం ఉత్తమం. ఆ వీలు లేకపోతే నంబరు రాసిన కాగితాన్ని ఫొటో తీసి వాల్‌పేపరుగా పెట్టుకోవచ్చు.

ఛార్జింగ్ అయిపోతే ఇవేవీ పనిచేయవు. కాబట్టి అవే రెండు నంబర్లను ఇంగ్లీషులోను, వీలైతే ఒడియాలోను చిన్న కాగితం మీద రాసి, వానకు తడవకుండా పైన టేపు అంటించి, ఫోను వెనుక కవరు లోపల పెట్టాలి. ఎవరైనా సిమ్ మార్చిన రోజున ఫోనులోని నంబరుతో పాటు ఈ కాగితాన్ని కూడా మార్చాలి.