నాలుగు రాళ్లతో 40 కిలోల దాకా తూయడం ఎలా?

సంతలో ఉల్లిపాయలు తూచే మనిషిని ఎప్పుడైనా గమనించారా? 4 కిలోలు అడిగితే 5 కిలోల రాయి ఒక పళ్లెంలో వేసి, ఒక కిలో రాయిని ఉల్లిపాయల పక్కనే పెట్టేస్తాడు. ముల్లు మధ్యకొచ్చిందా, ఉల్లిపాయలు సరిగ్గా 4 కిలోలు. ఆ చిన్న రాయి అక్కడ చేసింది తీసివేత.

ఇదే కిటుకుతో 1, 3, 9, 27 కిలోల రాళ్లు నాలుగే ఉన్నా 1 నుంచి 40 దాకా ఎన్ని కిలోలైనా తూయొచ్చు. రాళ్లన్నీ ఒకే వైపు వేయాలంటే 1, 2, 4, 8, 16, 32 అని ఆరు కావాలి, అది బైనరీ, అంటే 2 ఆధారంగా సంఖ్య రాసే పద్ధతి. మన నాలుగు రాళ్ల లెక్కను బ్యాలెన్స్‌డ్ టెర్నరీ అంటారు. 3 ఆధారంగా సంఖ్య రాయడమే, కాకపోతే 0, 1, 2 బదులు +, 0, − వాడతాం. + అంటే రాయి ఎదుటి పళ్లెంలో, − అంటే సరుకు వైపు, 0 అంటే ఆ రాయి వాడలేదని.

ఏ రాయి ఎటు వేయాలో తేలాలంటే, మొదట తూయాల్సిన కిలోల సంఖ్యను 3తో భాగించండి. శేషం 0 అయితే 0, 1 అయితే + రాయండి.

శేషం 2 వస్తే − రాసి, భాగఫలానికి 1 కలపండి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే, ఆ 1 కలపడం మర్చిపోతారు. 2 అంటే 3 − 1 కదా, ఆ 3 పై స్థానానికి 1గా వెళ్తుంది, కింద −1 మిగులుతుంది.

భాగఫలం 0 అయ్యేదాకా ఇదే చేస్తూ గుర్తులను కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ వెళ్లండి.

25 తీసుకుందాం. 3తో భాగిస్తే 8, శేషం 1, కాబట్టి +. 8ని భాగిస్తే 2, శేషం 2, కాబట్టి − రాసి 2ను 3 చేయాలి. 3ని భాగిస్తే 1, శేషం 0. చివరి 1కి +. వచ్చింది +0−+, అంటే 27 − 3 + 1. ఎదుటి పళ్లెంలో 27, 1 వేయండి, బియ్యం వైపు 3 పెట్టండి, అంతే. 32 మీరే చేసి చూడండి, ++−− రావాలి.

నాకు ఇందులో బాగా నచ్చేది రుణ సంఖ్యలకు వేరే గుర్తు అక్కర్లేకపోవడం. + లను − లుగా, − లను + లుగా తిప్పితే చాలు, −0+− అంటే −25. సరి బేసి తేల్చడమూ సులువే, 0 కాని గుర్తులను లెక్కపెట్టండి. 25లో మూడున్నాయి, బేసి. 32లో నాలుగు, సరి. 1, 3, 9, 27 అన్నీ బేసి సంఖ్యలే కాబట్టి ఇది ఎప్పుడూ తప్పదు. ఏ సంఖ్యకైనా రాత ఒక్కటే. నాలుగు రాళ్లను పెట్టే తీరులు 81, −40 నుంచి 40 దాకా ఉన్న సంఖ్యలూ 81.

ఇది కాగితం లెక్కగానే మిగిలిపోలేదు. 1958లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో నికొలాయ్ బ్రుసెన్‌త్సోవ్ బృందం సేతున్ అనే కంప్యూటర్‌ను ఈ పద్ధతిలోనే నడిపింది.

మరి 41 కిలోలు కావాలంటే? ఐదో రాయి, 81 కిలోలది, తెచ్చుకోవాలి. 41 అంటే +−−−−. కొత్త రాయి ఒక్కటే ఎదుటి పళ్లెంలో, పాత నాలుగూ సరుకు వైపు. ఇక 121 దాకా ఆరో రాయి అవసరం రాదు.