రెన్నెట్ వేసినా పచ్చి పాలు గడ్డకట్టట్లేదా? ముందు ఇవి చూడండి

చీజ్ కోసం పాలను గడ్డకట్టించే రెన్నెట్ కలిపి గంట దాటింది. గిన్నె కదిపితే పాలు పాలలాగే ఊగుతున్నాయి. అప్పుడు చాలామంది చేసేది ఇంకాస్త రెన్నెట్ పోయడం. దయచేసి ఆ పని చేయకండి. రెన్నెట్ ఎక్కువైతే చీజ్ మాగేకొద్దీ చేదెక్కుతుంది, అసలు కారణమూ బయటపడదు.

మొదట థర్మామీటర్. పాలు 30 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. వేలు ముంచి "గోరువెచ్చగానే ఉన్నాయి" అనుకుంటే కుదరదు. థర్మామీటర్‌ను ఐసుముక్కలు నిండా వేసిన నీళ్లలో కాసేపు ఉంచండి. సున్నా చూపించకపోతే ఆ తేడా లెక్కలో వేసుకోవాలి. తర్వాత రెన్నెట్ సీసా మీద తేదీ చూడండి, అది ఇన్నాళ్లూ ఫ్రిజ్‌లోనే ఉందో లేదో గుర్తు చేసుకోండి. ఈ రెండూ చూడకుండానే పాలు మంచివి కావని తేల్చేసేవాళ్లు ఎంతమందో!

ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయా? అయితే నీళ్లను అనుమానించండి.

రెన్నెట్ పాలంతటా సమంగా పాకాలని కాసిని చల్లటి నీళ్లలో కలిపి పోస్తాం కదా, ఆ నీళ్ల సంగతే చెబుతున్నాను. రెన్నెట్‌లో పనిచేసేది కైమోసిన్ అనే ఎంజైమ్. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా వాటి పైన ఒక రక్షణ ఉంటుంది. కైమోసిన్ దాన్ని కోసేస్తేనే అవి కాల్షియం సాయంతో అతుక్కుని గడ్డవుతాయి. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ ఎంజైమ్‌నే పాడుచేస్తుంది. పావు కప్పు నీళ్లలో పడేది కొద్ది చుక్కల రెన్నెట్టే కాబట్టి దెబ్బ గట్టిగానే తగులుతుంది. క్షారగుణం ఎక్కువున్న నీళ్లలోనూ రెన్నెట్ నిలవదు. పని తేలికవుతుందని అరగంట ముందే కలిపి పక్కన పెట్టుకునే అలవాటు ఉంటే మరీ నష్టం.

ఇది దొరకకుండా తప్పించుకునేది ఎందుకంటే, రెన్నెట్ ఒక్కోసారి పూర్తిగా చావదు, సగమే చస్తుంది. గడ్డ ఆలస్యంగా, మెత్తగా కడుతుంది. పాలలో బలం లేదనుకుని, గడ్డ గట్టిపడేందుకు వాడే కాల్షియం లవణం, అంటే కాల్షియం క్లోరైడ్ వేస్తారు. మర్నాడు కుళాయిలో క్లోరిన్ తక్కువుంటే గడ్డ బాగా వస్తుంది, పేరు కాల్షియానికి పోతుంది. వారం తిరిగేసరికి మళ్లీ అదే గొడవ.

తేల్చుకోవడం సులువే. రెండు కప్పుల్లో ఒకే పాలు, ఒకే వేడిలో తీసుకోండి. ఒకదానికి కుళాయి నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచిన రెన్నెట్, రెండోదానికి డిస్టిల్డ్ వాటర్‌లో అప్పుడే కలిపిన రెన్నెట్, అన్నే చుక్కలు. నిమిషానికోసారి కత్తి మొన ముంచి తీయండి. మొదట్లో బ్లేడు మీద పాలు పలచగా, నున్నగా జారిపోతాయి. గడ్డకట్టడం మొదలవగానే సన్నటి తెల్ల నలకలు కనిపిస్తాయి. కుళాయి నీళ్ల కప్పులో అవి బాగా ఆలస్యమైతే కారణం దొరికినట్టే.

ఇక నుంచి డిస్టిల్డ్ వాటరే వాడండి. అది లేకపోతే కుళాయి నీళ్లలో ముందుగా చెంచాడు పాలు కలిపి, ఆ తర్వాతే రెన్నెట్ వేయండి. క్లోరిన్ ఆ పాల ప్రొటీన్ మీద ఖర్చయిపోతుంది. మరిగించి చల్లార్చినా క్లోరిన్ పోతుంది కానీ, కొన్నిచోట్ల నీళ్లలో కలిపే క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. ఏ నీళ్లు వాడినా, పాలలో పోయబోయే ముందే రెన్నెట్‌ను వాటిలో కలపాలి. గిన్నెలు బ్లీచ్‌తో కడిగితే మంచి నీళ్లతో మళ్లీ మళ్లీ తొలవండి.

గడ్డ కట్టింది, కోస్తే చితికిపోతోందా? తొందరపడి కోశారు. కత్తి దించి మెల్లగా పైకెత్తితే గడ్డ శుభ్రంగా చీలి, చీలికలో తేట ఊరాలి. అప్పటిదాకా ఆగండి. పాలు రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉన్నవైతే మాత్రం కాల్షియం క్లోరైడ్ నిజంగానే పనికొస్తుంది: 30 శాతం ద్రావణం 4 లీటర్లకు పావు టీస్పూను.

గడ్డ స్పాంజిలా ఉబ్బి తేటమీద తేలుతోందా? చాలావరకు అది కోలిఫాం బాక్టీరియా పని. రుచి కూడా చూడకుండా పారేయండి. పితికే దగ్గర్నుంచి గిన్నెల దాకా శుభ్రత సరిచూసుకోండి.

స్టార్టర్ (పాలను పులియబెట్టే బాక్టీరియా తోడు) వేసినా పాలు పులుపెక్కకపోతే పశువుకు యాంటీబయోటిక్ ఇచ్చారేమో అడగండి. పొదుగువాపు ఉన్న పశువు పాలు, జున్నుపాలు కూడా ఇబ్బంది పెడతాయి కానీ అరుదుగా ఎదురవుతాయి, అప్పుడు పాలు మార్చడమే.

పచ్చి పాలంటే భయపడి మరిగిస్తే రెన్నెట్‌కు గట్టి గడ్డ రాదు. 63 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచి చల్లార్చండి, చాలు. గర్భిణులు, పసిపిల్లలు తినే చీజ్‌కైతే ఇది తప్పనిసరి.